కొండ దిగి వచ్చిన మట్టి

మొంథా తుఫాను 2025 అక్టోబర్ 28 రాత్రి తీరం దాటింది. టీవీ కెమెరాలన్నీ కాకినాడ, నరసాపురం వైపు తిరిగి ఉన్న ఆ రోజుల్లోనే అరకు, అనంతగిరి కొండల మీద కూడా ఎడతెరిపి లేకుండా కురిసింది. వాన వెలిసి, ఘాట్ రోడ్డు మీద పడ్డ మట్టి తీసేశారని తెలిశాక విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. అనంతగిరి మండలంలో ఒక చిన్న ఊరివాళ్ళు తమ మడుల మీద మేట వేసిన మట్టికి జవాబు చెప్పాల్సింది ఎవరో తేల్చమని అర్జీ రాసుకుంటున్నారు. కాగితం పని కొంత తెలిసినవాళ్ళు ఉంటే మంచిదని అక్కడ పనిచేసే మిత్రుడు కబురు పెట్టాడు. కేసు ఇంకా కోర్టు గడప తొక్కలేదు కనుక ఊరి పేరు రాయవద్దని వాళ్ళు అడిగారు. రాయను.

శృంగవరపుకోట దాటితే బొడ్డవర. ఆ చుట్టుపక్కల వెయ్యికి పైగా ఎకరాలు అల్యూమినా ఫ్యాక్టరీ కోసమని తీసుకున్నారు. 2005లో అప్పటి ప్రభుత్వం జిందాల్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. పైన గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది కొండల్లో బాక్సైటు తవ్వి దింపాలి, కింద శుద్ధి చేయాలి, అదీ లెక్క. పైన ఆదివాసులు అడ్డం తిరిగారు. బాక్సైటు దిగలేదు, ఫ్యాక్టరీ లేవలేదు. భూములు పోయిన కింది ఊళ్ళ రైతులు మాత్రం ఏళ్ళ తరబడి ఆందోళన చేస్తూనే ఉన్నారు. కొండ మీది వాళ్ళ కష్టాన్నీ మైదానం వాళ్ళ కష్టాన్నీ వేర్వేరు పేజీల్లో చదవడం మనకు అలవాటు. ఈ రైలు పెట్టెలో కూర్చుంటే రెండూ ఒక్క గంట ప్రయాణంలో కనిపిస్తాయి.

శివలింగపురం నుంచి బండి కొండ ఎక్కుతుంది. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపానుకు పంపడానికి 1960వ దశకంలో వేసిన లైను ఇది. సొరంగాలే 58. అద్దాల బోగీలో కూర్చున్నవాళ్ళు లోయవైపు ఫోటోలు తీసుకుంటున్నారు. నేను రెండో వైపు చూశాను. పట్టాల పక్కన కోసిన కొండచరియ మీద ఎర్రటి గీతలు పైనుంచి కిందదాకా దిగి ఉన్నాయి. చిమిడిపల్లి దాటాక ఒకచోట గ్యాంగు మనుషులు బండరాళ్ళను పట్టాల పక్కకు పేరుస్తున్నారు. రైల్వేకి డబ్బుంది, మనుషులున్నారు, వానాకాలంలో కాపలా ఉంది. అయినా ఏటా ఎక్కడో ఒకచోట కొండ జారి పట్టాల మీద పడుతూనే ఉంటుంది. అదే కోత ఏ కాపలా లేకుండా ఒక ఊరి నెత్తిన పెడితే ఏమవుతుందో చూడటానికే నేను వెళ్తున్నాను.

బొర్రా గుహల స్టేషన్లో దిగాను. గుహల్లోంచి గోస్తనీ పారుతుంది. సున్నపురాయిని ఎంతో కాలం కరిగించి గుహ చేసింది నీరే. ఇక్కడి తెల్లరాయి, అంటే కాల్సైటు, సిమెంటుకీ రంగులకీ రసాయనాలకీ పనికొస్తుంది. అందుకే ఈ బొర్రా పరిసరాల ఊళ్ళలో గనుల లీజులు ఇచ్చారు. నిమ్మలపాడులో బిర్లా పెరిక్లేజ్‌కు ఇచ్చిన లీజు వాటిలో ఎక్కువగా చర్చకు వచ్చినది. సమత అనే స్వచ్ఛంద సంస్థ 1993లో హైకోర్టుకు వెళ్ళింది. 1995లో అక్కడ కేసు కొట్టేశారు. సుప్రీంకోర్టుకు వెళ్తే 1997 జులై 11న తీర్పు వచ్చింది. జస్టిస్ కె.రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు, జస్టిస్ జి.బి.పట్నాయక్ మరోవైపు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించరాదని 1/70 చట్టం చెబుతోంది కదా, ఆ నిషేధం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందని మెజారిటీ తీర్పు తేల్చింది. సర్కారు భూమి అయినా, అడవి అయినా, గిరిజనుడి భూమి అయినా ప్రైవేటు కంపెనీకి గనుల లీజు ఇస్తే చెల్లదు.

ఏజెన్సీలో ఈ తీర్పును చదవనివాళ్ళకు కూడా దాని పేరు తెలుసు. సమత జడ్జిమెంటు అంటే చాలు. మన దేశంలో ఆదివాసుల భూమి గురించి వచ్చిన తీర్పుల్లో ఇంత దూరం పోయినవి చాలా తక్కువ. దాన్ని వెనక్కి లాగే ప్రయత్నాలు కూడా వెంటనే మొదలయ్యాయి. రాజ్యాంగం ఐదో షెడ్యూలును సవరిస్తే ఎలా ఉంటుందని కేంద్ర గనుల శాఖ 2000 జులైలో రహస్య నోటు తయారు చేసింది. 2001 డిసెంబర్లో బాల్కో అల్యూమినియం కంపెనీ ప్రైవేటీకరణ కేసులో సుప్రీంకోర్టు బెంచి ఒకటి సమత మెజారిటీ తీర్పు మీద గట్టి సందేహాలు వెలిబుచ్చింది. అయినా తీర్పు నిలిచే ఉంది.

మిత్రుడి బండి మీద కొంత దూరం, తరవాత కాలినడక. దారి పొడవునా చోళ్ళు కోతకు వచ్చి ఉన్నాయి. వలిసెలు పూతకు సిద్ధంగా ఉన్నాయి. ఊళ్ళోకి అడుగు పెట్టకముందే గెడ్డ, అంటే కొండవాగు, కనిపించింది. మైదానంలో వరద అంటే నీరు మెల్లగా పెరిగి రోజుల తరబడి నిలబడటం. ఇక్కడ అలా కాదు. గెడ్డ పావుగంటలో వస్తుంది, పోతుంది. నీరు నిలవదు, నీరు తెచ్చింది నిలుస్తుంది.

ఆ ఊరికి గెడ్డ పక్కన మెట్లు మెట్లుగా కట్టుకున్న మడులే ఆధారం. రాతి గట్లు తాతల నాటివి. పై మెట్టు నుంచి కింది మెట్టుకి నీరు జారుతూ పోతుంది, ఎవరి మడి ఎప్పుడు తడవాలో ఊరికి లెక్క ఉంది. ఇప్పుడు పై ఐదారు మెట్లు కనబడటం లేదు. ఇసుక, ఎర్రమట్టి, రాళ్ళు, విరిగిన చెట్ల మొదళ్ళు కలిసి ఒకే వాలుగా పరచుకుని ఉన్నాయి. తన మడి ఎక్కడో చూపించమని ఒకామెను అడిగాను.

"ఇదే సారూ, మీరు నించున్నదే" అంది.

గునపం తెచ్చి దింపింది. మోకాటి లోతు దిగాక మెత్తగా తగిలింది. చేత్తో మట్టి తోడి ఒక వరి దుబ్బు పైకి లాగింది. అక్టోబర్ చివరికి పాలు పోసుకుని గట్టిపడుతున్న కంకి అది. ఆ చీకట్లో గింజలు మొలకెత్తాయి, తెల్లటి మొలకలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. ఆమె దాన్ని గట్టు మీద పెట్టి ఇంకొకటి తీసింది. ఆపమని చెప్పాల్సి వచ్చింది.

మట్టిలో రాళ్ళు ఏరి చూశాను. గెడ్డలో ఎప్పటినుంచో ఉన్న రాళ్ళు నల్లగా, గుండ్రంగా ఉంటాయి. నీరు వాటిని ఏళ్ళ తరబడి దొర్లించి అంచులు అరగదీసింది. మేట మట్టిలో ఉన్నవి వేరు. చాలావాటికి పదునైన అంచులు, కొన్ని చేతికి గుచ్చుకున్నాయి. మధ్య మధ్యలో తెల్లరాయి ముక్కలు. దూరం నుంచి దొర్లి వచ్చిన రాళ్ళు కావు ఇవి. దగ్గరలోనే పగలగొడితే పగిలి, ఒక్కసారిగా దిగినవి. ఏ వకీలూ అడగకముందే ఆ ఊరి కుర్రాళ్ళు వీటిని రెండు సంచుల్లో విడివిడిగా పోసి, సున్నంతో గుర్తులు పెట్టి ఉంచారు. నాకు ఎంతో ధైర్యం అనిపించింది.

పైకి ఎక్కాం. ఊరికి ఎగువన కొన్నేళ్ళ కింద ఒక తవ్వకం నడిచింది, ఆగింది. యంత్రాలు పోవడానికి పొక్లెయిన్‌తో కొండవాలుకు అడ్డంగా బాట కోశారు. తీసిన మట్టిని ఎత్తి వేరే చోటికి తీసుకుపోలేదు, వాలులోకే తోసేశారు. దిబ్బ కింద అడ్డుగోడ లేదు, మీద ఒక మొక్క నాటలేదు. గెడ్డకు నీరు తెచ్చే సన్నని వంక ఆ దిబ్బ కిందనుంచే పోవాలి. మామూలు వానకు అది ఎలాగో దారి చేసుకునేది. తుఫాను వానకు దిబ్బ తడిసి జారి వంకను మూసేసింది. నీరు వెనక నిలిచింది, నిలిచి నిలిచి తెంచుకుంది.

ఆ రాత్రి సంగతి ఊళ్ళో పెద్దాయన చెప్పాడు. "వాన కొడతానే ఉంది బాబూ. గెడ్డ సప్పుడు ఆగిపోయింది. అప్పుడే బయమేసింది. నీరు ఎటు పోయినట్టు? లెండర్రా అని అందర్నీ లేపీసినాను."

మంచాలు, మేకలు వదిలేసి జనం ఎదుటి మెరక మీదికి ఎక్కారు. ప్రాణాలు దక్కాయి. కొండచరియలు విరిగిపడే ముందు గెడ్డ ఒక్కసారిగా సన్నబడటం ప్రమాద సూచన అని విపత్తుల పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆయన ఏ పుస్తకమూ చూడలేదు, పుట్టినప్పటినుంచీ ఆ చప్పుడు వింటూ నిద్రపోయిన మనిషి.

తుఫాను వాన ఎవరి తప్పూ కాదు, అది ఊరందరికీ తెలుసు. 2014లో హుద్‌హుద్ చూశారు, 2021లో గులాబ్ చూశారు. మడులు మునిగాయి, పంట పోయింది, గట్లు తెగితే మళ్ళీ పెట్టుకున్నారు. మడే లేకుండా పోవడం ఇదే మొదలు. పెద్దాయన నన్ను పక్క లోయకు కూడా తీసుకెళ్ళాడు. అదే కొండకు రెండో వైపు, అదే వాన. అక్కడ తవ్వకం జరగలేదు. గెడ్డ ఒడ్డున పనసచెట్టు మొదలుకు నీరు ఎక్కిన గుర్తు నా నడుము దాకా ఉంది. నీరైతే బాగానే వచ్చిందన్నమాట. కానీ మడుల్లో మేట లేదు. వరి పడిపోయింది, అంతే. కోసుకుంటున్నారు.

నాకు ఆ రెండు గెడ్డలే మొత్తం కేసు అనిపించింది.

ఈ కొండల రాయి ఖొండలైటు. వానకూ ఎండకూ యుగాల తరబడి నాని, దాని పై పొర ఎర్రమట్టిగా, ఎత్తయిన కొండల నెత్తిన బాక్సైటుగా మారింది. గాలికొండ లాంటి చోట్ల ఆ పై పొర తడిపిన గోనెపట్టాలా వానను పీల్చుకుని, ఎండాకాలం దాకా ఊటలుగా వదులుతుంది. చెట్ల వేళ్ళు దాన్ని వాలుమీద పట్టి ఉంచుతాయి. పొరను తొలగిస్తే రెండు నష్టాలు ఒకేసారి వస్తాయి. వానాకాలంలో ఆగాల్సిన నీరు ఆగదు, వేసవిలో రావాల్సిన ఊట రాదు. జర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైటుకు ఇస్తూ 2015 నవంబర్లో వచ్చిన జీవో 97 మీద చింతపల్లి మన్యం భగ్గుమన్నది ఈ భయంతోనే. 2019లో ఆ అనుమతులు రద్దయ్యాయి.

అయితే కోర్టులో ఇప్పటిదాకా నడిచిన పెద్ద వాదన నీటి గురించి కాదు. భూమి ఎవరిది, ఎవరికి ఇవ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు, సమత కేసు నిలబడిందీ గెలిచిందీ దీనిమీదే. ఆ తీర్పులో ఇంకో మాట ఉంది. నడుస్తున్న పరిశ్రమలు నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల అవసరాలకు, నీటి వసతికీ బడికీ ఆస్పత్రికీ రోడ్డుకీ, శాశ్వత నిధిగా పెట్టాలంది. అడవిని తిరిగి పెంచడానికీ పర్యావరణాన్ని నిలబెట్టడానికీ అయ్యే ఖర్చును ఆ 20 శాతంలో కలపకూడదంది. అంటే కొండను మళ్ళీ కొండగా చేయడం కంపెనీ దానం కాదు, బాధ్యత. తీర్పులో అందరూ గుర్తుపెట్టుకున్న భాగం లీజులు చెల్లవన్నది. ఈ రెండో భాగాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదనిపిస్తుంది నాకు. తీర్పు ఒక తలుపు కూడా తెరిచి ఉంచింది: ప్రభుత్వ ఖనిజ సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘం గానీ తవ్వుకోవచ్చు. కాల్సైటును 2015 ఫిబ్రవరిలో చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చాక దాని లీజులు పూర్తిగా రాష్ట్రం చేతిలోకి వచ్చాయి. తవ్వేది సర్కారు సంస్థ అయినా, గుత్తేదారు అయినా, బినామీ అయినా వాలులోకి తోసిన మట్టి ఒకలాగే జారుతుంది.

నీరే ప్రధాన వాదనగా నిలిచిన పోరాటం మన ఉత్తరాంధ్రలోనే ఇంకొకటి ఉంది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల. చుట్టుపక్కల ఊళ్ళ వాననీటిని తనలో పట్టి ఉంచే చిత్తడి నేల అది. దాన్ని పూడ్చి థర్మల్ ప్లాంటు కడితే తమ పొలాలు మునుగుతాయని, చేపా మేతా పోతాయని రైతులు, మత్స్యకారులు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ వెనువెంటనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ నేల బీడు కాదు, నీటి నేల అన్న జనం మాటే అక్కడ నెగ్గింది. కొండవాళ్ళ మాట అలా నెగ్గాలంటే వాళ్ళు నీటి కథ చెప్పాలి. వరద వచ్చినప్పుడల్లా ప్రభుత్వ కాగితం మీద పడే ముద్ర ప్రకృతి వైపరీత్యం. ఆ ముద్ర పడిందంటే ఇక బాధ్యుడు ఉండడు.

ఈ ఊళ్ళోనూ అదే జరిగింది. గ్రామ సచివాలయం నుంచి వచ్చి పంటనష్టం రాసుకుని వెళ్ళారు. పంట నష్టానికి ఒక గడి ఉంది, ఇసుక మేటకు ఇంకో గడి ఉంది. మట్టి ఎక్కడినుంచి వచ్చిందన్నదానికి గడి లేదు. అటవీ హక్కుల (ఆర్‌ఓఎఫ్ఆర్) పట్టా ఉన్నవాళ్ళు పట్టా చూపించారు. లేనివాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు.

రాత్రి బడి వరండాలో కూర్చున్నాం. కరెంటు వచ్చి పోతోంది. మా ముందున్నది జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010. అందులో సెక్షన్ 15 కింద నష్టపరిహారం అడగొచ్చు, పాడైన ఆస్తినీ పర్యావరణాన్నీ తిరిగి బాగుచేయమనీ అడగొచ్చు. కారణం మొదట ఏర్పడిన నాటి నుంచి ఐదేళ్ళు గడువు. గొడవంతా ఈ 'మొదట' దగ్గరే. బాట కోసిన రోజు నుంచా, మట్టి జారిన రాత్రి నుంచా? అవతలివాళ్ళు మొదటిదే అంటారు. అందుకే మొంథా తరవాత ఆలస్యం చేయవద్దని గట్టిగా చెప్పాను. దక్షిణ ప్రాంత బెంచి చెన్నైలో ఉంది. ఆ మాట వినగానే వరండా అంతా నిశ్శబ్దమైపోయింది. జ్వరం వస్తే డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్ళే ఊరికి చెన్నై అంటే ఎంత దూరమో నేను వేరే చెప్పాలా.

ఒక కుర్రాడు, పాడేరులో డిగ్రీ చదువుతున్నాడు, అసలైన ప్రశ్న అడిగాడు. "వాన పాలు ఎంత, కంపెనీ పాలు ఎంత అని అడుగుతారు కదా సార్. ఏం చెప్తాం?"

చట్టంలోనే దారి ఉంది. సెక్షన్ 17. నష్టం ఏ ఒక్క పనివల్లో అని విడదీయలేనప్పుడు, కలిసి నష్టం చేసిన పనులన్నిటి మీదా ట్రిబ్యునల్ న్యాయంగా భాగాలు వేయవచ్చు. వాళ్ళకు పెరూ రైతు సావుల్ లుసియానో లియుయా కథ చెప్పాను. హిమానీనదం కరిగి పైన సరస్సు నిండుతోంది, తెగితే తన ఊరు కొట్టుకుపోతుందని జర్మనీ విద్యుత్ సంస్థ ఆర్‌డబ్ల్యూఈ మీద 2015లో అక్కడి కోర్టుకే వెళ్ళాడు. ప్రపంచాన్ని వేడెక్కించే గ్రీన్‌హౌస్ వాయువుల్లో ఆ సంస్థ వాటా 0.47 శాతమని లెక్క తీసి, రక్షణ ఖర్చులో అంతే అడిగాడు. 2025 మేలో జర్మనీలోని హామ్ కోర్టు అతని ఇంటికి ముప్పు సరిపడా లేదని కేసు కొట్టేసింది. కానీ అలాంటి బాధ్యత చట్టప్రకారం ఉండవచ్చని ఒప్పుకుంది. ఓడిన కేసే, అయినా వాటా అడగవచ్చన్న మాట మిగిలింది. కుర్రాడు 0.47 అని నోట్‌బుక్కులో రాసుకున్నాడు. వీళ్ళ పని అంతకంటే సులువు. దిబ్బ ఖండాంతరాల్లో లేదు, కంటికెదురుగా ఉంది.

2024 జులై 30న వయనాడులో ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాక కేరళ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. మనుషులు పోయాక కోర్టులు వేగంగా కదులుతాయి. మడులు పోయినప్పుడే కదిలించడం కష్టం, ఈ ఊరి ప్రయత్నం విలువ నాకు అక్కడే తెలిసింది.

మైదానంలో ఉన్న మనకు ఇందులో సంబంధం లేదనుకోవద్దు. గోస్తనీ ఈ కొండల్లో పుట్టి తాటిపూడి జలాశయానికి చేరుతుంది. అక్కడినుంచి విశాఖకు తాగునీరు. శారద నీరు రైవాడకు, అక్కడినుంచి కూడా నగరానికి. వాలులోకి తోసిన మట్టి మడుల్లో ఆగనిదంతా ఆ జలాశయాల అడుగుకే చేరుతుంది. ఇప్పుడు అనంతగిరి మండలంలో పెదకోట వంటి చోట్ల పంప్డ్ స్టోరేజ్ విద్యుత్ ప్రాజెక్టులు తలపెట్టారు. కింద ఒక జలాశయం, కొండ మీద ఒక జలాశయం, మధ్యలో సొరంగాలు. కరెంటు మిగిలినప్పుడు నీరు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదులుతారు. సౌర విద్యుత్తుకు ఇది అవసరమనే వాదనలో బలం ఉంది. సొరంగాల మట్టి ఎక్కడ పోస్తారు, ఏ వంక మూసుకుపోతుంది అనే ప్రశ్నకు గ్రామసభ ముందు జవాబు చెప్పకుండా ఒక్క పొక్లెయిన్ కూడా కొండెక్కకూడదన్నది నా అభిప్రాయం. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన గౌరవం అదే. 2013లో ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలూ వద్దంటే వేదాంత బాక్సైటు ఆశ ఆగిపోయింది. అదీ ఈ తూర్పు కనుమల్లోనే.

అర్జీ మొదటి పేరాలో తుఫాను పేరు రాయాలా వద్దా అని చాలాసేపు నలిగింది. రాస్తే వానమీద తోసేస్తారని కొందరు. రాయాలనే నేను పట్టుబట్టాను. ఇంత వాన కురిసింది, రెండు గెడ్డల్లోనూ కురిసింది, ఒకదాని ఒడ్డున మడులున్నాయి, రెండోదాని ఒడ్డున లేవు, అని వరసగా రాస్తే చాలు. చివరికి అలాగే రాశారు. కోరికలు నాలుగు. దిబ్బ తీసేయాలి, లేదా కింద రాతి అడ్డుగోడ కట్టాలి. వంకకు దారి తెరవాలి. మడుల మీది మేట ఊరివాళ్ళ చేతే కూలి ఇచ్చి తీయించాలి. మడి తిరిగి పండేదాకా ఏటా పంట నష్టం చెల్లించాలి, పట్టా ఉన్నా లేకపోయినా. చివరి మూడు మాటలు గునపం పట్టుకొచ్చినామె చెప్పి రాయించింది.

ఇక గ్రామసభ తీర్మానం కావాలి, రెండు లోయల ఫోటోలు తేదీతో సహా కావాలి, పట్టాల జిరాక్సులు కావాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు ఉండదు కనుక రేషన్ కార్డుల నకళ్ళు కూడా జతచేయాలి. సంత రోజు జనం ఉండరని గ్రామసభను మర్నాటికి పెట్టుకున్నారు. చెన్నైలో వాదించడానికి ఒక వకీలు ఒప్పుకున్నారు. రాళ్ళ సంచులు రెండూ ఆయన దగ్గరికే పంపుతున్నారు.